మిలిటరీ జీపు, తాత మెట్టు

మాది సూళ్లూరుపేట. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మా మిద్దె మీద నుంచే కనపడుతుంది. ముందు వెలుగు వస్తుంది. పక్కింటి పిలకాయలు చప్పట్లు కొట్టి, ఫోన్లో వీడియో తీసి, స్టేటస్ కూడా పెట్టేసుకున్నాక గానీ చప్పుడు రాదు. మధ్యలో పులికాట్ సరస్సు, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. సెకనుకు 340 మీటర్ల లెక్కన శబ్దానికి నిమిషం పైనే పడుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో నాకు నిజంగా అర్థమైన లెక్క అదొక్కటే.

అదే మిద్దె మీద నుంచి వెనక్కి తిరిగి పెరట్లోకి చూస్తే, కొబ్బరిచెట్ల కింద నీలం టార్పాలిన్ కప్పుకుని మా తాత జీపు. రాకెట్లు ఎగిరే చోట పద్నాలుగేళ్లుగా అంగుళం కదలని బండి. పోయిన వేసవిలో దాన్ని కదిలిద్దామని నాకు బుద్ధి పుట్టింది. థర్డ్ ఇయర్ అయిపోయింది, ఇంటర్న్‌షిప్ రాలేదు, ఇంట్లో ఖాళీగా కూర్చుంటే నాయన చూపు తట్టుకోలేం. మెకానికల్ వాళ్లకి ఈ బాధ చెప్పక్కర్లేదు.

అది మామూలు జీపు కాదని నాకు యూట్యూబ్ చూసేదాకా తెలీదు. రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 1941–45 మధ్య ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. యుద్ధం అయిపోయాక కొన్ని మన దేశంలోనే మిగిలిపోయి, మిలిటరీ వేలాల్లో మామూలు జనం చేతికొచ్చాయి. మహీంద్రా వాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది 1947లో. యుద్ధకాలం జీపుని గుర్తుపట్టడానికి ఒక సులువుంది. ముందు గ్రిల్లులో సందులు లెక్కపెట్టాలి. తర్వాత వచ్చిన సివిల్ జీపులకి ఏడు, యుద్ధం జీపుకి తొమ్మిది. మాదానికి తొమ్మిది! ఫోర్డ్ వాళ్లు బోల్టు తలల మీద కూడా చిన్న ‘ఎఫ్’ అక్షరం కొట్టేవాళ్లట. తుప్పు గీకి చూస్తే రెండు బోల్టుల మీద ఆ అక్షరం కనిపించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తాత దాన్ని 1968లో మద్రాసులో ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండో, థర్డ్ హ్యాండో కొన్నాడు. ఆ తర్వాత ఏడాదే రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటని ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి-125 లేచింది. పనులు జోరుగా సాగిన ఆ రోజుల్లో మా జీపుకి అద్దెలకి కొదవలేదని అవ్వ చెప్తుంది. తర్వాత పెట్రోలు గిట్టుబాటు కాక తాత అందులో డీజిల్ ఇంజను వేయించాడు. కానీ తీసేసిన పెట్రోలు ఇంజన్ని పాత ఇనుముకి వేయలేదు. గోతాం చుట్టి షెడ్డులో దాచాడు.

మా వీధి చివర మెకానిక్ భాయ్‌కి డెబ్బై ఏళ్లుంటాయి. నేను వెళ్లి “రెస్టొరేషన్ చెయ్యాలి భాయ్” అంటే, చిన్న సుత్తి పట్టుకుని వచ్చి ఛాసిస్ పొడుగునా టకటకా కొట్టుకుంటూ పోయాడు. గట్టి ఇనుము గంటలాగా మోగుతుంది, తుప్పు తిన్నది ‘డబ్’ మంటుంది. మా దగ్గర గాలిలోనే ఉప్పు ఉంటుంది. పెయింట్ కింద దూరిందంటే లోపల్లోపలే తినేస్తుంది. వెనక క్రాస్ మెంబర్ దగ్గర మూడు చోట్ల డబ్ మంది. అక్కడ కోసి కొత్త ముక్క వేశాం. మిగతాదంతా వైర్ బ్రష్, ఎమెరీ పేపరు, రెడాక్సైడ్. వారం రోజులు నా చెమట కూడా ఎర్రగానే కారింది.

ఇంజను అసలు పరీక్ష. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు, 60 హార్స్ పవర్. వాల్వులు హెడ్డులో ఉండవు, పక్కన బ్లాకులోనే ఉంటాయి. కంప్రెషన్ రేషియో దాదాపు ఆరున్నర. మన ల్యాబ్‌లో కట్ సెక్షన్ పెట్టి చూపిస్తే ఎంత బాగుండేదో! కానీ పిస్టన్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో డీజిలు, గేర్ ఆయిలు కలిపి పోశాం. “బలం పెట్టబాక, నాననీ” అన్నాడు భాయ్. రోజూ పొద్దున, సాయంత్రం పోయడం, చూడటం. తొమ్మిదో రోజు క్రాంక్ పుల్లీ వేలెడు తిరిగింది.

అప్పుడే భాయ్ నాకు హ్యాండిల్ కొట్టడం నేర్పాడు. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టూ బిగించకూడదు. ఇంజను వెనక్కి తన్నిందంటే బొటనవేలు విరుగుతుంది. “మీ తాతకి ఇట్నే ఇరిగింది” అన్నాడు మామూలుగా. తాత కుడి బొటనవేలు వంకరగా ఉండేది. నాకు ఆరేళ్లప్పుడు ఆ వేలు పట్టుకుని బజారుకి పోయేవాణ్ణి. అది పుట్టుకతోనే అంతేమో అనుకున్నా ఇన్నాళ్లూ.

ఇక్కడిదాకా బాగానే ఉంది. తప్పు ఇక్కడ చేశా.

2021లో కేంద్రం పాతకాలం బండ్లకి కొత్త రిజిస్ట్రేషన్ రూల్సు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. దాన్ని రోజూ తిప్పుకోకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్లొచ్చు. షరతు ఏంటంటే ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. నా కళ్లు ఆ నంబరు మీదే ఉన్నాయి. మా జీపుకి వెనకవైపు రెండు పక్కలా ఇనప మెట్లు వెల్డింగ్ చేసి ఉన్నాయి. 1944 ఫొటోల్లో అవి లేవు. నాయన నెల్లూరు పోయిన రోజు గ్రైండర్ తీసుకుని ఎడమ మెట్టు కోసేశా.

చప్పుడికి అవ్వ బయటికొచ్చింది. కింద పడ్డ మెట్టు వైపు చూసింది. ఏమీ అనకుండా లోపలికి పోయింది. సాయంత్రం అన్నం పెడుతూ చెప్పింది. 1984 నవంబరులో తుఫాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. ముందురోజు తాత చెరువు పక్క ఊళ్లనుంచి జనాన్ని ఈ జీపులో హైస్కూలుకి చేరవేశాడు. ముసలోళ్లు, నిండు గర్భిణులు ఎక్కలేక వానలో అవస్థ పడ్డారట. ఆ నెల తిరక్కుండానే తాత మెట్లు వేయించాడు.

“నాతో ముందే చెప్పొచ్చు గదవ్వా?”

“నువ్వు అడిగితివా?”

నాయన వచ్చి చూసి పెద్దగా తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “నీకది యుద్ధం బండి రా. మేం నలుగురం చదువుకున్నది ఆ బండి మీద వచ్చిన డబ్బుతో” అని టార్పాలిన్ కప్పేశాడు. కాలేజీ తెరిచేదాకా దాని జోలికి పోలేదు నేను.

హాస్టల్లో చాలాసార్లు ఆలోచించా. అసలు రూపం అంటే ఏ ఏడాది రూపం? మిలిటరీ దాన్ని వాడింది మహా అయితే నాలుగైదేళ్లు. తాత వాడింది నలభై మూడేళ్లు. ఏ లెక్కన చూసినా తాత వాటాయే ఎక్కువ.

దసరా సెలవుల్లో వెళ్లి మెట్టు మళ్లీ వెల్డింగ్ చేశా. భాయ్ చేస్తానన్నాడు గానీ నేనే చేస్తానన్నా. ఫస్ట్ ఇయర్ వర్క్‌షాప్‌లో నేర్చుకున్న చెయ్యి కదా, అతుకు కాకిగూడులా వచ్చింది. కుడి మెట్టుకి తాత వేయించిన అతుకు నున్నగా, ఒకే వరసలో ఉంటుంది. నాది గ్రైండ్ చేసి సాఫు చెయ్యొద్దన్నాడు నాయన. అట్లాగే ఉంచాం. ఆ తర్వాత పెట్రోలు ఇంజను బిగించడానికి తనే ఒప్పుకున్నాడు, తాత దాన్ని ఊరికే దాచి ఉండడని. లోకల్ ట్రైన్ ఎక్కి చెన్నై పుదుప్పేటలో రింగులు, గాస్కెట్లు వెతుక్కొచ్చాం. రెండుసార్లు నాయన కూడా వచ్చాడు.

సంక్రాంతికి స్టార్ట్ చేశాం. ముందురోజు రాత్రి కరెంటు పోతే, ఈ జీపుకే ఉన్న ఒక వసతి పనికొచ్చింది. హెడ్‌లైటుని వెనక్కి తిప్పితే ఇంజను మీదికే వెలుగు పడుతుంది. ఆరు వోల్టుల ఆ పచ్చటి వెలుగులోనే కార్బ్యురేటర్ సరిచేశాం. పొద్దున్నే బొటనవేలు జాగ్రత్తగా పెట్టుకుని హ్యాండిల్ కొట్టా. పదకొండోసారికి దగ్గి, పొగ వదిలి, అందుకుంది.

పెరట్లో వేపచెట్టు దాకా ముందుకి, బావి దాకా వెనక్కి. అంతే మా ర్యాలీ. నాయన స్టీరింగ్ పట్టుకోమంటే పట్టుకోలేదు, వెనక బల్ల మీద కూర్చున్నాడు. అవ్వ నేను అతికించిన మెట్టు మీద కాలు పెట్టి, రెండుసార్లు నొక్కి చూసి, ఎక్కింది.

కాగితాల పని ఇంకా తేలలేదు. మెట్లతో వీఏ నంబరు రాకపోవచ్చు. ఫర్వాలేదు. ఎవరికైనా ఆరు వోల్టుల బల్బులు దొరికే చోటు తెలిస్తే చెప్పండి. మీ ఇళ్లల్లో ఇట్లాంటి పాత బండి ఉంటే మాత్రం, గ్రైండర్ ఆన్ చేసేముందు ఒకసారి మీ అవ్వని అడగండి.