బంతి చేతిలో లేనప్పుడు

జనవరి 4, 2025, శనివారం

నిన్న నుమాయిష్ మొదలైంది. మెట్రో కిటకిటలాడుతోంది. నాకు మెట్రోతో పని లేదు, చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వైఎంసీఏకి నడిచే వెళ్తాను. ముప్పై ఏళ్ళు ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరయ్యాక కూడా సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి కాళ్ళు అటే లాగుతాయి.

మా వైపు కాలేజీల పోటీ సగానికి వచ్చింది. నాలుగు జట్లు బరిలో ఉన్నాయి. పిల్లల పేర్లు ఈ డైరీలో రాయను, జెర్సీ నంబర్లు చాలు.

ఇవాళ 11 ఒక్కడే ఇరవై ఆరు పాయింట్లు వేశాడు. బయట టీ బండి దగ్గర కూడా వాడి మాటే. నేను చూసింది మాత్రం 4ని. వాడు వేసినవి రెండే పాయింట్లు. కానీ ఎవరు షాట్ కొట్టినా, బంతి గాల్లో ఉండగానే, మిగతా అందరూ రింగు వైపు తలెత్తుతారు. వాడు ఎత్తడు. ముందు తాను ఆపాల్సిన అవతలి మనిషి ఎక్కడున్నాడో వెతుక్కుంటాడు. వాడి ముందుకొచ్చి, మోకాళ్ళు వంచి, నడుము ఆనించి, చేతులు చాచి దారి మూసేస్తాడు. ఆ తర్వాతే పైకి చూస్తాడు. ఆ రీబౌండ్ చాలాసార్లు పక్కవాడికి దొరుకుతుంది. స్కోరు షీట్లో పక్కవాడి పేరే పడుతుంది.

జనవరి 5, ఆదివారం

పొద్దున ప్రాక్టీసు అయ్యాక పిల్లల బూట్లు తిరగేసి చూశాను. పాత అలవాటు. 11 బూట్లలో కుడి బొటనవేలి కింద రబ్బరు నున్నగా అరిగిపోయి, లోపలి గుడ్డ కనిపిస్తోంది. మిగతా అడుగంతా కొత్తదే. అంటే ప్రతిసారీ ఒకే కాలి మీద, ఒకే వైపు తిరుగుతున్నాడు. అవతలి జట్టులో తెలివైనవాడు ఒక్కడున్నా రెండు మ్యాచుల్లో పట్టేస్తాడు. 4 బూట్లు రెండూ లోపలి అంచుల దగ్గర సమానంగా అరిగాయి. డిఫెన్స్‌లో పక్కలకి జరిగి జరిగి అరిగిన బూట్లవి.

జనవరి 8, బుధవారం

తెల్లవారుజామున మా అక్క మనవడి ఫోను. హ్యూస్టన్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్నాడు. మూడేళ్ళ కిందట ఇదే కోర్టులో నా దగ్గర లేఅప్ నేర్చుకున్నాడు. "తాతయ్యా, టెన్నెసీ పని అయిపోయింది, చూడు" అన్నాడు. అమెరికా కాలేజీల్లో ఒక్క ఓటమి కూడా లేకుండా నంబర్ వన్‌గా ఉన్న జట్టు టెన్నెసీ. వాళ్ళని ఫ్లోరిడా 73-43తో ఓడించింది. ముప్పై పాయింట్ల తేడా! డిఫెన్స్‌కి పేరుపడ్డ జట్టుకే ఊపిరి ఆడనివ్వలేదు. ఫ్లోరిడా పేరు ఇవాళే రాసుకున్నాను. వాల్టర్ క్లేటన్ జూనియర్ అనే గార్డ్ పేరు కూడా.

అక్కడ కూడా సీజన్ ఇప్పుడే సగానికి వచ్చింది. నవంబరులో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. చివర్లో 68 జట్లు, ఒక్కసారి ఓడితే ఇంటికే. అందుకే జనవరిలో ఎవరు ఎక్కువ గెలిచారన్నది నాకు పెద్ద లెక్క కాదు. ఎలా గెలిచారు, షాట్లు పడని రోజున ఏం చేశారు అన్నదే లెక్క.

జనవరి 10, శుక్రవారం

రాత్రి అశోక్‌నగర్ మీదుగా వచ్చాను. తొమ్మిదైనా జిరాక్స్ సెంటర్లు కళకళలాడుతున్నాయి. కరెంట్ అఫైర్స్ పుస్తకాల కట్టల మధ్య కర్రీ పాయింట్ ముందు వరసలో 4 కనిపించాడు. చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో పాలిటీ పుస్తకం. డిగ్రీ ఆఖరి సంవత్సరం. హాస్టల్ గదిలో నలుగురు. పొద్దున సిటీ సెంట్రల్ లైబ్రరీ, మధ్యాహ్నం కాలేజీ, సాయంత్రం కోర్టు.

"గ్రూప్స్‌కి ఇప్పటినుంచే చదువుతున్న సార్. ఇంటికాడ గదే చూస్తున్నరు" అన్నాడు.

"ఆట?"

"ఆడుతనే సార్. ఆడకపోతే చదివింది ఎక్కదు."

జనవరి 12, ఆదివారం

ఒకే రోజు రెండు వార్తలు. డ్యూక్ కుర్రాడు కూపర్ ఫ్లాగ్ నోటర్‌డేమ్ మీద 42 పాయింట్లు వేశాడు. వాళ్ళ ఏసీసీ కాన్ఫరెన్స్‌లో మొదటి సంవత్సరం విద్యార్థి ఎవరూ అన్ని వెయ్యలేదు. పద్దెనిమిది నిండి నెల కూడా కాలేదు. ఇక ఆబర్న్ జట్టుకి పెద్ద దిక్కైన జానీ బ్రూమ్ చీలమండ మెలిపడి మ్యాచ్ మధ్యలోనే బయటికి వెళ్ళాడు.

ఫ్లాగ్ ఆట ఫోన్లో రెండుసార్లు చూశాను. 42 గురించి లోకమంతా మాట్లాడుతుంది. నాకు నచ్చింది వేరే. తన మనిషి బంతి అందుకోకముందే వాడి దారిలో నిలబడతాడు. ఆరడుగుల తొమ్మిదంగుళాల కుర్రాడు చిన్న గార్డ్‌లా అడుగులు వేస్తాడు.

ఇక్కడో చిన్న లెక్క. కాలేజి మ్యాచ్ 40 నిమిషాలు. కోర్టులో పదిమంది, బంతి ఒక్కటే. సమానంగా పంచితే మనిషికి నాలుగు నిమిషాలు. మిగతా 36 నిమిషాలు బంతి ఇంకొకరి చేతిలోనే. మనం ఆటగాణ్ణి ఆ నాలుగు నిమిషాలు చూసి మెచ్చుకుంటాం. జట్టు గెలిచేది 36 నిమిషాలతో.

జనవరి 14, సంక్రాంతి

కోర్టులో ఎవరూ లేరు. రింగుకి తెగిన గాలిపటం ఒకటి చుట్టుకుంది. మాంజా జాగ్రత్తగా విప్పి తీశాను, పిల్లల వేళ్ళు తెగుతాయి.

జనవరి 19, ఆదివారం

బ్రూమ్ లేకుండానే ఆబర్న్ రెండూ గెలిచింది. మిసిసిపి స్టేట్ మీద 88-66, జార్జియా మీద 70-68. సీజన్ మధ్యలో ఒక జట్టు సంగతి తెలియాలంటే ఇంతకంటే మంచి పరీక్ష లేదు. పెద్దవాడు పక్కన కూర్చున్నప్పుడు ఇల్లు నడుస్తోందా లేదా?

మన దగ్గరా అదే జరిగింది. 11కి జ్వరం. వాడు లేకపోతే పాయింట్లు ఎవరు వేస్తారని అందరూ బెంగపడ్డారు. జట్టు గెలిచింది. ఐదుగురూ తలా పది వేశారు, బంతి ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి తిరుగుతూనే ఉంది. బెంచి మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న 11 ఆట అయ్యేదాకా కదల్లేదు. తర్వాత నా దగ్గరికి వచ్చి "సార్, నేను లేకుంటేనే పాస్‌లు ఎక్కువైనయ్" అన్నాడు. వాడి గొంతులో బాధ ఉంది, దాన్ని మించి ఆశ్చర్యం. ఈ మాట తనంతట తాను గ్రహించినవాడు బాగుపడతాడు.

జనవరి 22, బుధవారం

ఆడపిల్లల జట్టులో 9 ఇవాళ్టినుంచి రాదు. ఇంటర్ రెండో సంవత్సరం. మార్చిలో పరీక్షలు, తర్వాత ఎంట్రన్సు. తండ్రి స్వయంగా వచ్చి చెప్పాడు, మర్యాదగానే. ఆమెలా ఎడమ చేత్తో డ్రిబ్లింగ్ చేసే పిల్లని ఈ పదేళ్ళలో చూడలేదు. "వారానికి రెండు సాయంత్రాలు పంపండి బాబూ, మార్కులు తగ్గితే నన్నడగండి" అన్నాను. ఆలోచిస్తానన్నాడు.

2022 జాతీయ క్రీడల్లో ముగ్గురేసి ఆడే 3x3 బాస్కెట్‌బాల్‌లో మన తెలంగాణ ఆడవాళ్ళు ఫైనల్లో కేరళని ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ సంగతి ఆయనకి తెలియదు. ఈ వీధుల్లో ఎంతమందికి తెలుసు? అమెరికా కాలేజీల్లో పెయిజ్ బ్యూకర్స్ ఒక సీజన్ మొత్తం మోకాలి గాయంతో పోగొట్టుకుని, తిరిగొచ్చి కనెక్టికట్ జట్టుని నడిపిస్తోంది. సదరన్ కాలిఫోర్నియాలో జూజూ వాట్కిన్స్ ఆట చూడటానికి జనం ఎగబడుతున్నారు. 9కి వీళ్ళిద్దరి వీడియోలు నేనే చూపించాను.

జనవరి 26, ఆదివారం

ఐదింటికే లేచాను. హ్యూస్టన్, కాన్సస్ ఊరికి వెళ్ళి ఆడుతోంది. మనవడు వీడియో కాల్‌లో పక్కనే ఉన్నట్టు అరుస్తున్నాడు. కాన్సస్ గెలిచేసిందనుకున్న చోట, వాళ్ళు బంతి లోపలికి వేస్తుంటే హ్యూస్టన్ కుర్రాళ్ళు లాక్కుని సమం చేశారు. రెండు ఓవర్‌టైములు. హ్యూస్టన్ 92, కాన్సస్ 86.

ఆ కోర్టుకి జేమ్స్ నెయిస్మిత్ పేరు పెట్టారు. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ ట్రైనింగ్ స్కూల్లో, చలికాలం కుర్రాళ్ళని గది లోపల ఆడించడానికి, రెండు పీచ్ పళ్ళ బుట్టలు బాల్కనీ అంచుకి కొట్టి, 13 నియమాలు రాసి ఈ ఆట మొదలుపెట్టినాయన. తర్వాత కాన్సస్‌కి మొదటి కోచ్ అయ్యాడు. అక్కడ ఆయన గెలిచినవి 55, ఓడినవి 60. ఆట పుట్టించిన మనిషికే గెలుపులకన్నా ఓటములు ఎక్కువ! అదే వైఎంసీఏ 1920లో మద్రాసులో హెచ్.సి.బక్ చేత వ్యాయామ విద్య కాలేజి పెట్టించింది. మా తరం డ్రిల్లు మాస్టర్లకి పాఠాలు అక్కడినుంచే వచ్చాయి. నారాయణగూడలో పిల్లాడు రింగు కేసి బంతి విసిరే ప్రతిసారీ ఆ పీచ్ బుట్ట నాకు గుర్తొస్తుంది.

జెండా వందనానికి వెళ్ళొచ్చాక చూస్తే ఆబర్న్ 53, టెన్నెసీ 51. బ్రూమ్ తిరిగొచ్చి 16 పాయింట్లు, 14 రీబౌండ్లు. రెండు జట్లకీ షాట్లు పడని రోజు. అలాంటి రోజున గెలిచిన జట్టుని నమ్మొచ్చు.

జనవరి 28, మంగళవారం

సగం సీజన్‌కి నా తీర్పు ఇదీ. అమెరికాలో అందరికన్నా బలమైన జట్టు ఆబర్న్. అందరికన్నా గొప్ప ఆటగాడు ఫ్లాగ్, బ్రూమ్ అతనికి రెండడుగుల వెనక. షాట్లు పడ్డ రోజున ఫ్లోరిడాని ఎవరూ ఆపలేరు. కానీ కప్పు కోసం ఒక్క పేరు రాయమంటే హ్యూస్టన్ రాస్తాను. వాళ్ళ కోచ్ కెల్విన్ శాంప్సన్ తయారుచేసిన పిల్లలు రీబౌండ్ కోసం నేలమీద పడతారు, అలసినా డిఫెన్స్ వదలరు.

మన దగ్గర 4 ఉన్న జట్టు.

ఫిబ్రవరి 9, ఆదివారం

4 ఉన్న జట్టు గెలిచింది. ఫైనల్లో 11 పద్నాలుగే వేశాడు, తొమ్మిది పాస్‌లు ఇచ్చాడు. కప్పు పట్టుకుని ఫొటో దిగేటప్పుడు 4 లేడు. ఏడింటికి టెస్ట్ సిరీస్ ఉందని వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

పానకం కలుపుతూ ఆట చూశాం. సెమీఫైనల్, డ్యూక్ మీద హ్యూస్టన్. ఆఖరి 35 సెకన్లకి డ్యూక్ ఆరు పాయింట్ల ముందుంది. హ్యూస్టన్ చకచకా తేడా తగ్గించింది. తర్వాత డ్యూక్ ఫ్రీత్రో ఒకటి తప్పింది. హ్యూస్టన్ కుర్రాడు జెవాన్ రాబర్ట్స్ ముందుకొచ్చి నడుము ఆనించి నిలబడ్డాడు. రీబౌండ్ కోసం వెనకనుంచి ఫ్లాగ్ చెయ్యి అతని మీద పడింది, ఫౌల్. రాబర్ట్స్ రెండు ఫ్రీత్రోలూ వేసి హ్యూస్టన్‌ని ముందుకి తెచ్చాడు. చివరికి 70-67. ఆ రోజు ఫ్లాగ్ 27 పాయింట్లు వేసినా ఆట నిర్ణయమైంది ఆ నడుము దగ్గర. మా 4 నాకు కళ్ళకి కట్టాడు.

ఏప్రిల్ 8, మంగళవారం

ఫైనల్. ఫ్లోరిడా, హ్యూస్టన్. సెమీఫైనల్లో 34 పాయింట్లు వేసిన క్లేటన్‌ని హ్యూస్టన్ మొదటి సగంలో ఒక్క పాయింటు కూడా వెయ్యనివ్వలేదు. రెండో సగంలో పన్నెండు పాయింట్ల ముందుకి వెళ్ళింది కూడా. నేను రాసిన పేరే నిజమవుతుందనుకున్నాను. మెల్లగా ఫ్లోరిడా అందుకుంది.

ఆఖరి సెకన్లు. హ్యూస్టన్ రెండు పాయింట్లు వెనక, బంతి వాళ్ళదే. ఇమాన్యుయల్ షార్ప్ మూడు పాయింట్ల షాట్ కోసం గాల్లోకి లేచాడు. అంతలో క్లేటన్ ఎదురుగా దూకాడు. కొడితే అడ్డు పడుతుందని షార్ప్ బంతి వదిలేశాడు. తానే మళ్ళీ ముట్టుకుంటే ట్రావెలింగ్. బంతి నేలమీద ఎగురుతుంటే చూస్తూ నిలబడ్డాడు. టైము అయిపోయింది. ఫ్లోరిడా 65, హ్యూస్టన్ 63.

నా జట్టు ఓడింది. క్లేటన్‌కి మొత్తం 11 పాయింట్లు. కప్పు తెచ్చిన ఆ దూకుడుకి స్కోరు షీట్లో గడి లేదు.

మనవడు ఫోనులో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం కోర్టులో పిల్లలందరినీ కూర్చోబెట్టి ఆ ఒక్క ముక్కే చూపించాను. 9 కూడా వచ్చింది, పరీక్షలు అయిపోయాయట. 11 మూడుసార్లు మళ్ళీ పెట్టించుకుని చూశాడు.