అసలు ప్రోగ్రాం లేని షార్ట్‌కట్లు

కంప్యూటర్ కొత్తగా నేర్చుకునేవాళ్ళు తరచూ చేసే పని ఒకటుంది. డెస్క్‌టాప్ మీద కనపడే బొమ్మని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ఇంటికెళ్ళి అక్కడి కంప్యూటర్లో దాని మీద టకటకా నొక్కుతారు. అది తెరుచుకోదు. ఎందుకంటే వాళ్ళు తెచ్చుకుంది ప్రోగ్రాం కాదు, ఆ ప్రోగ్రాం ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే.

పోటీ పరీక్షల కోసం మనవాళ్ళు బట్టీ పడుతున్న లెక్కల షార్ట్‌కట్లు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

గ్రూప్స్, బ్యాంకు, రైల్వే.. పరీక్ష పేరేదైనా అందులో జనరల్ మ్యాథ్స్ అనే గండం ఒకటుంటుంది. రైల్వే వాళ్ళ ఎన్‌టీపీసీ పరీక్షే తీసుకోండి. 2024లో వచ్చిన ప్రకటన ప్రకారం మొదటి దశలో 90 నిమిషాలకి 100 ప్రశ్నలు. అందులో లెక్కలు 30. తప్పు జవాబుకి మూడోవంతు మార్కు కోత. అంటే ఒక్కో ప్రశ్నకి సగటున 54 సెకన్లు. లెక్కల సిలబస్‌లో మొదట ఉండేది సంఖ్యా వ్యవస్థ, కాస్త కిందికి వెళ్తే ప్రాథమిక బీజగణితం. ఇంజనీరింగ్ చదివిన మనకి ఇవి "ఓస్ ఇంతేనా" అనిపిస్తాయి. కానీ ఈ పరీక్ష రాసేవాళ్ళలో చాలామంది పదో తరగతి తరవాత లెక్కల మొహం చూసినవాళ్ళు కాదు.

మా పిన్ని కొడుకు అలాంటివాడే. ఇంటర్లో సీఈసీ, తరవాత బీఏ. "నాకు లెక్కలు రావు" అనే మాట తన పేరు చెప్పినంత తేలిగ్గా చెప్తాడు. కోచింగ్‌లో రాసుకున్న లాంగ్ నోట్సు నిండా షార్ట్‌కట్లే. ఎర్ర ఇంకుతో డబ్బాలు కట్టి, పక్కన చుక్కలు పెట్టి ఎంత శ్రద్ధగా రాసుకున్నాడో! అందులో ఒకటి ఇది: ఒక సంఖ్యని 56తో భాగిస్తే శేషం 29. అదే సంఖ్యని 8తో భాగిస్తే శేషమెంత? షార్ట్‌కట్: పెద్ద సంఖ్యని వదిలెయ్, 29ని 8తో భాగించు, వచ్చిన శేషమే జవాబు. అంటే 5. మావాడు మూడు సెకన్లలో చెప్పేశాడు.

"సరే, ఇప్పుడు 8 తీసేసి 9 పెట్టు. శేషమెంత?"

"రెండు."

"ఖాయమేనా?"

"ఖాయమే అన్నయ్యా, 29లో మూడు తొమ్ములు పోతే రెండు."

"ఆ సంఖ్య 29 అయితే రెండే. 85 అయితే?"

85ని 56తో భాగించినా శేషం 29 వస్తుంది. 9తో భాగిస్తే మాత్రం 4. కాసేపు నోట్సు వైపు చూశాడు, తరవాత నా వైపు చూశాడు. "మరి సార్ ఇలాగే చెప్పారు కదా?" సార్ చెప్పింది తప్పు కాదు. 56లో 8 నిశ్శేషంగా పోతుంది కాబట్టి ఆ పద్ధతి పని చేసింది. 56లో 9 అలా పోదు కాబట్టి ఇక్కడ ఒకే జవాబు రాదు. 'చెప్పలేము' అన్న ఆప్షన్ దీనికోసమే పెడతారు. డబ్బా కట్టి రాసుకున్న సూత్రంలో ఈ షరతు లేదు. ప్రశ్నపత్రం తయారు చేసేవాడికి కావల్సింది కూడా అదే. ఒక్క అంకె మారిస్తే చాలు.

మరి అసలు ప్రోగ్రాం ఎక్కడుంది? ఒక్క వాక్యంలో ఉంది: ఆ సంఖ్య 56క + 29. అంతే. 56క అనే ముక్కలో ఎనిమిదులు ఉన్నాయి, క ఎంతైనా సరే. తొమ్మిదులు ఉంటాయన్న హామీ లేదు. ఈ వాక్యం రాసుకోవడం వస్తే, నోట్సులో శేషాల మీద ఉన్న నాలుగైదు డబ్బాలు చింపేయొచ్చు.

(ఎక్స్, వై బదులు క, గ ఏమిటి అంటారా? భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో రాసిన బీజగణితంలో మొదటి తెలియని రాశిని 'యావత్తావత్' అన్నాడు, తరవాతి వాటికి కాలకం, నీలకం అంటూ రంగుల పేర్లు పెట్టాడు. వాటి మొదటి అక్షరాలతోనే లెక్క చేసేవాళ్ళు. కాబట్టి మన అక్షరాలతో రాస్తే అపచారమేమీ లేదు.)

ఇప్పుడు అందరికీ తెలిసిన 9 సంగతి చూద్దాం. అంకెల మొత్తం 9తో భాగించబడితే సంఖ్య కూడా భాగించబడుతుంది. ఆరో తరగతి నుంచీ వింటున్నదే. ఎందుకని అడిగితే మాత్రం మన ఆఫీసుల్లో కూడా సగం మంది కాఫీ కప్పు వైపు చూస్తారు. మూడంకెల సంఖ్యని 100క + 10గ + చ అని రాయండి. 100 అంటే 99 + 1. 10 అంటే 9 + 1. తొమ్మిదులున్నవన్నీ ఒక పక్కకి తోస్తే 99క + 9గ, ఇంకో పక్క మిగిలేది క + గ + చ. మొదటి ముక్క ఎలాగూ 9తో పోతుంది. ఇక తేల్చాల్సింది మిగిలిన అంకెల మొత్తమే.

ఈ ఒక్క వరస రాశాక ఎన్ని ఊరికే వస్తాయో చూడండి. 99, 9 రెండూ 3తో కూడా పోతాయి కాబట్టి 3 సూత్రం ఉచితం. భాగించబడుతుందా లేదా అన్నదే కాదు, శేషం కూడా తెలిసిపోతుంది: 4738 అంకెల మొత్తం 22, మళ్ళీ కలిపితే 4, కాబట్టి 9తో శేషం 4. ఇక 10ని 11 - 1 అని, 100ని 99 + 1 అని రాస్తే 11 సూత్రం వస్తుంది, అంకెల్ని ఒకటి విడిచి ఒకటి కలిపి తీసివేసేది. 372372 లాంటి సంఖ్య కనిపిస్తే అది 372 × 1001. 1001 అంటే 7 × 11 × 13. భాగహారం చెయ్యకుండానే మూడు కారణాంకాలు దొరికాయి.

రెండంకెల సంఖ్యని తిరగేసే లెక్కలూ ఇంతే. 10క + గ లోంచి 10గ + క తీసేస్తే 9(క - గ). తేడా 54 అన్నాడంటే అంకెల మధ్య తేడా 6. తేడా 52 అన్నాడంటే ప్రశ్నే తప్పు. చిట్టా పద్దులు రాసే పాతకాలపు గుమాస్తాలకి ఇది బాగా తెలుసు. రెండు వైపులా మొత్తాలు కలవక, తేడా 9తో నిశ్శేషంగా పోతే ఎక్కడో 47కి బదులు 74 రాశామేమోనని ముందు వెతికేవాళ్ళు. దీన్నే తిరగేసి ఆలోచిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది: అంకెలు తారుమారైతే 9 శేషం మారదు కాబట్టి, ఆ తప్పుని పట్టుకోవడానికి 9 శేషం పనికిరాదు. ఆధార్ నంబర్లో చివరి అంకె తనిఖీ కోసం పెట్టిందే. దానికి వెర్‌హోఫ్ పద్ధతి వాడారు. ఒక అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అది పట్టేస్తుంది. అంటే మావాడు భయపడే చాప్టరు వాడి జేబులోనే ఉందన్నమాట!

బీజగణితం అంటే అక్షరాలతో కుస్తీ అనుకుంటారు. నా మట్టుకు నాకు అది దేనికి పేరు పెట్టాలో తెలుసుకోవడం. మనం వేరియబుల్‌కి పేరు పెట్టడానికి తలపట్టుకుంటామే, అదే. ఉదాహరణకి రెండు వరుస బేసి సంఖ్యల లబ్ధం 323, అవేంటి? చిన్నదాన్ని క అనుకుంటే క(క + 2) = 323. వర్గ సమీకరణం, కారణాంకాలు, చెమటలు. అదే మధ్యలో ఉన్న సరి సంఖ్యని క అనుకోండి. అప్పుడు (క - 1)(క + 1) = 323, అంటే క వర్గం 324, క అంటే 18. జవాబు 17, 19. లెక్క అదే, క అన్న పేరు పెట్టిన చోటు మారింది, అంతే. ఐదు వరుస సంఖ్యల మొత్తం 185 అన్నా మధ్యదానికి పేరు పెట్టండి, 37 వెంటనే దొరుకుతుంది. మిగతావి చెరో పక్కా రెండేసి.

ఇంక పరీక్ష హాల్లో అసలు డబ్బులెక్క, అంటే మార్కుల కోత. నాలుగు ఆప్షన్లు, తప్పుకి మూడోవంతు కోత. 12 ప్రశ్నలకి గుడ్డిగా గీస్తే సగటున 3 ఒప్పు, 9 తప్పు. వచ్చేది 3, పోయేది 3. మిగిలేది గుండుసున్నా. అదే, ప్రతి ప్రశ్నలోనూ రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే 6 ఒప్పు, 6 తప్పు. వచ్చేది 6, పోయేది 2. నాలుగు మార్కులు మిగిలాయి. నాలుగు మార్కుల తేడాకి ఉద్యోగం అటూ ఇటూ అయిపోయే పరీక్షలివి.

కొట్టేయడం ఎలా? 37 × 43 + 29 × 51 ఎంత: 3069, 3070, 3075, 3080. బేసిని బేసితో గుణిస్తే బేసి. రెండు బేసులు కలిస్తే సరి. మొదటిదీ మూడోదీ ఔట్. ఇప్పుడు 9 శేషాలు చూద్దాం. 37కి 1, 43కి 7, లబ్ధం 7. 29కి 2, 51కి 6, లబ్ధం 12, అంటే 3. మొత్తం 10, అంటే 1. 3070 శేషం 1, 3080 శేషం 2. జవాబు 3070. గుణకారం చెయ్యనే లేదు. నమ్మకం కుదరకపోతే 37 × 43 అంటే 40 వర్గంలోంచి 9 తీసెయ్యడం, 29 × 51 అంటే 40 వర్గంలోంచి 121 తీసెయ్యడం. 1591, 1479. కలిపి చూసుకోండి.

"54 సెకన్లలో ఇవన్నీ రుజువు చేసుకుంటూ కూర్చుంటే తెల్లారినట్టే" అని మీరనొచ్చు. నిజమే. రుజువు చేసుకోవాల్సింది హాల్లో కాదు, ఇంట్లో. ఒక్కసారి చేతులారా చేసుకున్నాక దాన్ని షార్ట్‌కట్‌గా వాడుకుంటే నాకే అభ్యంతరమూ లేదు. ఎక్కాలు కూడా రావాల్సిందే, అందులో మొహమాటం లేదు. కోచింగ్ మాస్టార్లనీ తప్పు పట్టను. వందమంది ఉన్న హాల్లో, మూడు నెలల్లో సిలబస్ పూర్తి చెయ్యాలంటే ఎవరైనా డబ్బాలే కట్టిస్తారు. నా బాధల్లా ఒకటే. డబ్బా పని చెయ్యనప్పుడు కుర్రాడు డబ్బాని అనుమానించడు, తనని తాను అనుమానించుకుంటాడు. "నాకు లెక్కలు రావు" అన్న మాట పుట్టేది అక్కడే.

మనమేమీ తక్కువ తినలేదు లెండి. శేషం 1 వస్తే బేసి సంఖ్య అని రాసే కోడు ఎన్నిసార్లు చూసుంటారు? జావాలో -3ని 2తో భాగిస్తే శేషం -1 వస్తుంది. ఆ కోడు ప్రకారం -3 బేసి కాదు! శేషం సున్నా కాకపోతే బేసి అని రాస్తే గొడవే లేదు. బైనరీ సెర్చ్‌లో రెండు చివరలూ కలిపి సగం చేసే వరస సంగతి 2006లో జాషువా బ్లాక్ బయటపెట్టారు. ఆ మొత్తం 2147483647 దాటితే కొంప మునుగుతుంది. జావా లైబ్రరీలో ఆ తప్పు దాదాపు తొమ్మిదేళ్ళు దాక్కుంది. కాగితం మీద ఆ సూత్రం నూటికి నూరుపాళ్ళూ సరైనదే. ఎక్కడ సరైనదో చెప్పే షరతే వదిలేశాం. మావాడి 56, 9 లెక్కకీ దీనికీ తేడా ఏమన్నా ఉందా?

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, మన ఇళ్ళల్లో ఇలాంటి పరీక్షలు రాసే తమ్ముడో, మరదలో, పక్కింటి కుర్రాడో ఒకరు ఉండే ఉంటారు. "అన్నయ్యా, ఏదైనా మెటీరియల్ ఉంటే పంపవా" అని అడుగుతారు. మనం ఒక పీడీఎఫ్ పడేసి చేతులు దులుపుకుంటాం. అది కాకుండా ఒక ఆదివారం రెండు గంటలు వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ నోట్సులోంచే ఒక డబ్బా చూపించి "ఇది ఎందుకు పని చేస్తుంది? ఎప్పుడు పని చెయ్యదు?" అని అడిగి చూడండి. జవాబు మీరు చెప్పకండి, చిన్న సంఖ్యలు పెట్టి చూసుకోమనండి. సరి-బేసి, స్థానవిలువ, శేషం, తెలియనిదానికి పేరు పెట్టడం. ఈ నాలుగూ చాలు మొదలుపెట్టడానికి.

మావాడు మొన్న ఫోన్ చేసి, 7 సూత్రం 1001 నుంచి ఎలా లాగాడో పది నిమిషాలు చెప్పాడు. పరీక్ష ఇంకా కాలేదు, ఉద్యోగం వస్తుందో రాదో నేను చెప్పలేను. కానీ ఆ పది నిమిషాల్లో ఒక్కసారి కూడా "నాకు లెక్కలు రావు" అనలేదు.