బెల్లం రంగు

బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది. ఒక్కొక్కరం లేచి పేరు, ఊరు, ప్రాజెక్టు అంశం చెప్పాలి.

"మాది అనకాపల్లి. బెల్లంలో కలిపే హైడ్రోస్ వల్ల గంధకం ఎంత మిగులుతుందో అయోడిన్ పరీక్షతో చూస్తాను" అన్నాను.

1913 నుంచీ మా ఊళ్లో చెరకు పరిశోధన జరుగుతోంది. మా ఖాన్‌దాన్‌లో ఎవరూ ఆ గేటు దాటలేదు. అబ్బాది బెల్లం దుకాణం. రంగు తేలితేనే ధర. ఆ రంగు బెల్లమే నా ఫీజు కట్టింది.

ఇంటికొచ్చి భయపడుతూనే చెప్పాను. అబ్బా చాలాసేపు ఖామోష్. అమ్మీ నా వైపు గుర్రుగా చూసింది. ఇషా నమాజ్ అయ్యాక అబ్బా రెండు ముక్కలు తెచ్చారు. ఒకటి పసుప్పచ్చ, ఒకటి నల్లనిది.

"ముందు మన దుకాణం సరుకే చూడు బేటీ. రిజ్క్ హలాల్‌దో కాదో నాకూ తెలియాలి కదా."

రేపే పరీక్ష. దువా చేయండి.