మహాదేవుని మూడేళ్ల రాజ్యం

గూడూరు, జనగామ జిల్లా



కాకతీయుల చరిత్రలో రుద్రదేవునికీ గణపతిదేవునికీ నడుమ ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోయే మహాదేవుని పాలన సుమారు 1196 నుండి 1199 వరకు సాగినదే అయినా, దానిని అర్థం చేసుకోవడానికి అంతకు పూర్వపు గూడూరు శాసనం వద్ద మొదలుపెట్టడం మేలు. పాలకుర్తి మండలంలోని ఈ ఊళ్లో దొరికిన, తెలుగు పద్యాలతో కూడిన ఆ 12వ శతాబ్దపు శాసనం విరియాల వంశీయులది. కాకతి బేతరాజు చిన్నవాడై ఉన్నప్పుడు ఆ వంశపు కామసాని చాళుక్య చక్రవర్తిని దర్శించి అతనికి అనుమకొండను ఇప్పించిన వృత్తాంతం దీనివల్లనే తెలుస్తున్నది. కష్టకాలంలో రాజ్యాన్ని సామంతులు, అనగా పెద్ద రాజుకు లోబడి తమ సీమలను ఏలుకునే ప్రభువులు, కాపాడే ఆనవాయితీ మహాదేవునికి చాలా ముందే ఏర్పడిందన్నమాట.

బయ్యారం, మహబూబాబాద్ జిల్లా

అన్న రుద్రదేవుడు దేవగిరి యాదవులతో జరిగిన పోరులో మరణించగా గద్దెనెక్కిన మహాదేవుడు, ఆ యాదవుల మీదికే దండెత్తి వెళ్లి యుద్ధంలో నేలకొరిగాడు. కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు బందీగా చిక్కాడు. మహాదేవుని సొంత శాసనాలు అతి స్వల్పం. అందువల్ల ఈ ఊరి చెరువు శాసనం విలువ ఎంత చెప్పినా తక్కువే. మహాదేవుని కుమార్తె మైలాంబ తల్లి బయ్యమాంబ పేరిట చెరువు తవ్వించి, దుర్జయ కులంలో పుట్టిన వెన్నడు మొదలుకొని తన పుట్టింటి వంశక్రమాన్ని అందులో చెక్కించింది. క్రీ.పూ. 556లో బాబిలోనును కొన్ని నెలలు మాత్రమే ఏలిన లబాషి మర్దుకు పాలనాకాలాన్ని సామాన్యుల క్రయవిక్రయాలు రాసిన మట్టిపలకల మీది తేదీలు నిర్ణయించినట్లే, ఇక్కడ సాగునీటి కోసం ఒక ఆడపడుచు చేసిన పుణ్యకార్యం రాజవంశ చరిత్రకే ఆధారమైంది. యుద్ధాల పట్టికలకు లేని ఆప్యాయత ఈ రాతకు ఉన్నది.

ఘనపురం, భూపాలపల్లి జిల్లా

రాజు మరణించి, యువరాజు చెరలో ఉన్న ఆ కాలంలో రాజ్యం చెదరిపోకుండా నిలిపినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. పొరుగున ములుగు జిల్లాలోని పాలంపేటలో 1213లో రామప్ప గుడిని ప్రతిష్ఠించినవాడు ఇతడే. యాదవ రాజు జైతుగి విడిచిపెట్టగా తిరిగివచ్చిన గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు రాజ్యమేలాడు. కోటగుళ్లని పిలిచే ఇక్కడి గణపేశ్వరాలయ సముదాయం ఆయన కాలపుదే; ప్రధానాలయం చుట్టూ చిన్న చిన్న గుళ్లు, ఏనుగులపై లంఘించిన సింహరూపాలు శిథిలావస్థలోనూ చూపరులను కట్టిపడవేస్తాయి. ఈ సముదాయానికి ఇంకా శ్రద్ధగల సంరక్షణ దక్కవలసి ఉన్నది.

తండ్రిని బలిగొన్న పడమటి దిక్కును వదలి గణపతిదేవుడు తూర్పు తీరానికి, వెలనాడుకు, దివిసీమకు సేనలను నడిపాడు. మోటుపల్లి రేవుకు వచ్చే విదేశీ వర్తకుల సరుకులకు రక్షణ కల్పిస్తూ 1244లో ఆయన వేయించిన అభయశాసనం ఆ మలుపు ఫలితమే.