నిప్పురవ్వ లేని పడవ

హుస్సేన్ సాగరు నిండినపుడు మిగులునీరు అశోక్‌నగరు మీదుగా నాలాలో ప్రవహించి మూసీనది చేరును. 2000వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన నగరమున సుమారు 24 సెంటీమీటర్ల వర్షము కురియగా నాలా పొంగి వీధులను ముంచెను. మేము చిక్కడపల్లిలో నుంటిమి. అశోక్‌నగరులో మా మేనత్తగారు ఒంటరిగా మేడపై చిక్కుకొనిరి. ఆమెకొరకు బయలుదేరిన మోటారు పడవ సందు మొగలోనే ఆగిపోయెను.

పడవవాడు తొందరపడలేదు. ప్లగ్గు నూడదీసి చూడగా దాని కొన పెట్రోలుతో తడిసియుండెను. పెట్రోలు అందుచున్నది, రవ్వయే పుట్టుటలేదని అతడు గ్రహించెను. ప్లగ్గును తుడిచి, తీగె తగిలించి, పెట్రోలు ఆవిరికి దూరముగా యంత్రలోహమున కానించి త్రాడు లాగెను. రవ్వ లేదు. ఒక బాలుడు నారాయణగూడనుండి తెచ్చిన క్రొత్త ప్లగ్గుతోను అంతియే.

ఆ యంత్రమునకు రవ్వ పుట్టించుటకు బ్యాటరీ అక్కరలేదు. చక్రమునందలి అయస్కాంతము తీగెచుట్ట ప్రక్కగా తిరిగినపుడు విద్యుత్తు పుట్టి, ప్లగ్గు కొనల నడుమ రవ్వయై దుముకును. ఆపుమీటను నొక్కినచో ఆ విద్యుత్తు యంత్రలోహములోనికి మరలి రవ్వ అణగును. మీటలో నీరు చేరినచో నొక్కకయే నొక్కినట్లగును.

అతడు మీటతీగెను విడదీసి త్రాడు లాగగా నీలిరవ్వ మెరసెను. “భయము లేదమ్మా, వచ్చుచున్నాము! ఆపవలసినపుడు చోకు మూసి ఆపెదను” అని కేకవేసెను. చీకటి పడకమునుపే అత్తయ్యగారు మా యిల్లు చేరిరి.

సోదర విద్యార్థులారా! యంత్రము మొరాయించినపుడు ఖరీదైన భాగములను విప్పకమునుపు పెట్రోలు, ప్లగ్గు, మీట అను వరుసను పాటింపుడు. ఆనాడు ఒక వృద్ధురాలిని గట్టెక్కించినది ఆ వరుసయే.