ఆగి ఆగి సాగిన కల్యాణం

ఉద్యోగరీత్యా గ్రేటర్ నోయిడాలో కాపురముంటున్న మా ఇంటికి 2015లో మా అమ్మగారు రాజమండ్రి నుండి వచ్చి చేరారు. అప్పటికి నాన్నగారు గతించి ఆరు నెలలు. ఆ దంపతులు ఏటేటా శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళి, కల్యాణం కన్నులారా చూసి వచ్చేవారు. ఇక్కడికి వచ్చాక ఆమె మమ్మల్ని కోరినది ఒక్కటే: "టీవీలోనైనా ఆ కల్యాణం చూపించు నాయనా!"

2016 నవమికి రెండు రోజుల ముందు ఆమెకు కంటిశుక్లం శస్త్రచికిత్స జరిగింది. వారం రోజులు టీవీ జోలికి పోరాదని వైద్యులు చెప్పారు. కల్యాణాన్ని రికార్డు చేసి ఉంచుతామని మేము మాట ఇచ్చాము.

అందుకు తగిన యంత్రాన్ని మేమే కూర్చుకున్నాము. అరచేతిలో ఇమిడే మొదటి తరం రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు, దానికి ఒక ఉపగ్రహ ట్యూనరు, ఒక హార్డ్ డిస్కు. దూరదర్శన్ ఫ్రీ డిష్ ప్రసారాలకు నెలసరి చందా లేదు. 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్దనున్న జీశాట్-15 మా ఊరి నుండి ఆగ్నేయ దిశలో, సుమారు 52 డిగ్రీల ఎత్తున ఉంటుంది. మా బాల్కనీ ఆ దిక్కుకే ఉండటం మా అదృష్టం. నవమినాడు యాదగిరి ఛానల్ ప్రసారం గంటకు ఒకటిన్నర గిగాబైట్ల చొప్పున డిస్కులోకి చేరింది.

వారం గడిచింది. అమ్మగారు స్నానం చేసి, మడి కట్టుకొని టీవీ ముందు కూర్చున్నారు. మంత్రాలు చక్కగా వినిపిస్తున్నవి. బొమ్మ మాత్రం ఆగి ఆగి గెంతుతున్నది. అర్చకుల దోసిళ్ళలో ఉన్న తలంబ్రాలు మరుక్షణం స్వామివారి శిరస్సు మీద ఉన్నవి. మధ్యలో రాలడం కనిపించలేదు. అమ్మగారు కాసేపు చూసి, అద్దాలు తీసి తుడిచి, నెమ్మదిగా అన్నారు: "నా కన్ను బాగుపడలేదేమోరా."

మరునాడు వైద్యులు పరీక్షించి కన్ను దివ్యంగా ఉన్నదన్నారు. ఆమె నమ్మలేదు. తనను ఊరడించడానికే అలా అన్నారని ఆమె అనుమానం. ఇక దోషం యంత్రానిదేనని నిరూపించడం మా బాధ్యత అయింది.

మొదట డిష్‌ను శంకించాము. పిదప కేబులు మార్చాము, పవర్ అడాప్టరు మార్చాము. అప్పటికీ ఫలితం లేక, డిస్కును తుడిచి అంతా తిరిగి అమర్చుదామనుకున్నాము. మా శ్రీమతి వారించకపోతే కల్యాణమే చెరిగిపోయేది! కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయ్యేది.

అప్పుడు స్థిమితపడి ఆలోచించాము. అదే ఫైలును లాప్‌టాప్‌లో వేస్తే సాఫీగా నడిచింది. అంటే రికార్డింగు నిర్దోషి, చూపించే యంత్రమే దోషి. ఇంతలో మా అమ్మాయి, "నాన్నా, మన సినిమాలు ఇందులో బాగానే ఆడుతున్నాయి. రాములవారి పెళ్ళి ఒక్కటే ఆగుతోంది" అన్నది. చిక్కుముడి విప్పిన మాట అదే.

ఆ సినిమాలు హెచ్.264 పద్ధతిలో కుదించినవి. ఈ ప్రసారం ఎంపెగ్-2. రాస్ప్‌బెర్రీ పైలోని వీడియో చిప్పుకు రెండూ చేతనవును. కానీ బోర్డు వెల తక్కువగా ఉంచేందుకు ఎంపెగ్-2 హక్కు రుసుమును అందులో కలపలేదు. కావలసినవారు విడిగా తాళంచెవి కొనుక్కునే ఏర్పాటు 2012లోనే వచ్చింది. అది లేకపోతే వీడియో చిప్ చేయవలసిన పని 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు మీద పడుతుంది. పరీక్షించగా ప్రాసెసరు నూటికి నూరుపాళ్ళు శ్రమిస్తున్నది. చిప్పును అడిగితే 'ఎంపీజీ2 డిసేబుల్డ్' అని జవాబిచ్చింది. సూచనల పత్రం చదవకపోవడం మా తప్పే.

ఆ తాళంచెవి ఒక్కొక్క బోర్డు క్రమసంఖ్యకు ప్రత్యేకం. వెల రెండు పౌండ్ల నలభై పెన్సులు. అప్పటి లెక్కన సుమారు రెండు వందల ముప్పై రూపాయలు. ఈమెయిల్‌లో అందిన సంఖ్యను అమరిక ఫైలులో ఒక వరుసగా చేర్చి, యంత్రాన్ని తిరిగి ప్రారంభించాము. ప్రాసెసరు భారం దిగిపోయింది. 2019లో వచ్చిన నాలుగో తరం బోర్డులో ప్రాసెసరే ఈ పనికి చాలినంత బలమైనది గనుక, ఎంపెగ్-2కు ఈ తాళంచెవి అవసరం లేదు.

ప్లాంటులో బేరింగు వేడెక్కితే మొదట ఏది సవ్యంగా ఉన్నదో తేల్చుకొని, పిదప విప్పడం మన సంస్థలో మనందరికీ నేర్పిన పాఠం. ఇంటికి వచ్చేసరికి మేము దానిని మరచాము. మరమ్మతుకు పూనుకునే సోదర ఉద్యోగులు ముందుగా ఉన్నదానికి నకలు తీసి ఉంచుకోవాలని మా మనవి.

ఆనాటి సాయంత్రం అమ్మగారు మళ్ళీ టీవీ ముందు కూర్చున్నారు. ముత్యాల తలంబ్రాలు ఒక్కొక్కటిగా జారాయి. ఆమె కొత్త కంటితో మిథిలా ప్రాంగణంలోని జనాన్ని పరికించి చూశారు. ఒక మూలను వేలితో చూపి, "ప్రతి ఏడూ మీ నాన్నగారు అక్కడే నిలబడేవారురా" అన్నారు.