మీటర్ చూపించని వేగం

హైదరాబాద్‌లో వారమంతా ల్యాప్‌టాప్ ముందే. అందుకే జగిత్యాలలో బస్సు దిగి ఇంటికి రాగానే చెయ్యి బైక్ తాళాల మీదికి పోతుంది. ఈసారి వెనక సీట్లో తొమ్మిదో తరగతి చదివే మేనల్లుడు. సారంగాపూర్ మీదుగా బీర్పూర్‌కు, గుట్ట మీది లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి బయల్దేరాం. బీర్పూర్ ఒకప్పుడు సారంగాపూర్ మండలంలోనే ఉండేది. 2016లో జగిత్యాల జిల్లా అయినప్పుడు ఇదీ మండలమైంది.

"మామా, పరీక్షల వడి, వేగం రెండూ ఒక్కటే అని రాసిన. మార్కు కొట్టేసిండ్రు" అన్నాడు వాడు.

"బండి దిగినంక చెప్తరా" అన్నా. నాకంటే ముందు రోడ్డే చెప్పింది.

వరి కోతలు అయిపోయిన రోజులు. రోడ్డుకు ఒక పక్క వడ్లు ఆరబోశారు. మీటర్ 40 మీద ఉంది. అంటే సెకనుకు 11 మీటర్లు. మలుపులో ముందు టైరు వడ్ల మీదికెక్కింది. హ్యాండిల్ తిప్పినా బండి తిరగదే! నేరుగా పొలం వైపు జారింది. వడ్లు దాటి మట్టి తగిలాక గానీ టైరుకు పట్టు దొరకలేదు. గట్టుకు రెండడుగుల దూరంలో ఆగాం. వాడి చేతులు నా నడుం వదల్లేదు.

చెట్టు కింద కూర్చుని నీళ్లు తాగాక అడిగా. "మలుపుకు ముందు మీటర్ ఎంత?"

"నలభై."

"మలుపులో?"

"నలభయ్యే."

"మరి అక్కడ ఏం మారాలె?"

కాసేపు ఆలోచించి, "దిక్కు" అన్నాడు.

అంతే! మీటర్ చూపించేది వడి. దానికి దిక్కు కూడా కలిస్తే వేగం. మలుపులో వడి అలాగే ఉన్నా వేగం మారుతుంది. ఆ మార్పు రేటే త్వరణం. దిక్కు మారాలంటే బలం కావాలి. ఆ బలం టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ నుంచి వస్తుంది. వడ్ల మీద ఆ ఘర్షణ తగ్గింది, బండి పాత దిక్కులోనే పోయింది. అదే మలుపును 20లో తిరిగితే కావాల్సిన బలం నాలుగో వంతే. కాబట్టి తప్పు వడ్లది కాదు, నా నలభైది.

దర్శనం చేసుకుని, సాయంత్రం అదే మలుపు 20లో దాటాం. ఇంటి ముందు బండి ఆపగానే వాడన్నాడు: "మామా, ఇంత తిరిగినం గని స్థానభ్రంశం సున్నా!"

ఈసారి మార్కు ఎవరూ కొట్టేయలేరు. మలుపు సంగతి మాత్రం అక్కకు ఇద్దరం చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.